కార్డు ఉన్నా డబ్బు కట్టమంటున్నారా? ప్రైవేటు ఆసుపత్రిలో ఉచిత చికిత్స పొందడం ఎలా

"మాకు ఆరోగ్యశ్రీ ఉంది. అయినా ఆసుపత్రిలో ముందు యాభై వేలు కట్టమన్నారు, కట్టేశాం. ఇప్పుడు ఆ డబ్బు వెనక్కి వస్తుందా?" అడిగే మనుషులు మారుతున్నారు, జబ్బులు మారుతున్నాయి, ప్రశ్న మాత్రం ఇదే. అందుకే మొదటి నుంచి చివరి వరకు ఏ పని ఎప్పుడు చేయాలో ఒకచోట రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఇలా డబ్బు పోగొట్టుకున్నవాళ్లలో చాలామందికి నష్టం ఆపరేషన్ తర్వాత జరగలేదు, ఆసుపత్రిలో అడుగుపెట్టిన మొదటి గంటలోనే జరిగిపోయింది. కంగారులో నేరుగా బిల్లింగ్ కౌంటర్‌కు వెళ్లి, డబ్బు కట్టి చేరే రోగిగా పేరు రాయించుకున్నారు. అలా ఒకసారి నమోదైతే తర్వాత పథకంలోకి మారడం చాలా కష్టం. ఒకే వార్డులో, ఒకే ఆపరేషన్‌కు, పద్ధతి తెలిసిన కుటుంబం చేతి డబ్బు లేకుండా ఇంటికి వెళుతుంది. తెలియని కుటుంబం పుస్తెలతాడు కుదువపెడుతుంది. ఈ అన్యాయం ఒక్క వ్యాసంతో పోదని తెలుసు. మీ ఇంట్లో మాత్రం జరగకుండా చూసుకోవచ్చు.

పథకం గురించి తెలియాల్సినంత

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ ఇప్పుడు రెండు రాష్ట్రాల్లో రెండు పథకాలుగా నడుస్తోంది. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ. 2023 డిసెంబరు 9 నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో అది ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, పరిమితి 25 లక్షలు. ఈ మొత్తం మీ చేతికి రాదు, ఆసుపత్రికి ప్రభుత్వమే చెల్లిస్తుంది. కాబట్టి ప్రైవేటు ఆసుపత్రి మీకు ఉచితంగా వైద్యం చేస్తోందంటే దయ చూపిస్తోందని అనుకోనక్కరలేదు. ఆ చికిత్సకు పథకం నిర్ణయించిన మొత్తం, అంటే ప్యాకేజీ ధర, తీసుకునే చేస్తోంది. మాట్లాడేటప్పుడు ఇది గుర్తుంటే గొంతు వణకదు.

వీటికి తోడు కేంద్రం ఇచ్చే ఆయుష్మాన్ భారత్ ఉంది, కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్లు నిండినవారు ఎవరైనా, ఆదాయంతో సంబంధం లేకుండా, దీని కింద వయ వందన కార్డుకు అర్హులు. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఆ కార్డు సంగతి ఆయుష్మాన్ హెల్ప్‌లైన్ 14555కు ఫోన్ చేసి కనుక్కోండి.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- రేషన్ కార్డు (తెలంగాణలో ఆహార భద్రత కార్డు, ఆంధ్రలో బియ్యం కార్డు) లేదా ఆరోగ్య కార్డు. అసలుతో పాటు రెండు నకళ్లు, ఫోనులో ఒక ఫొటో.
- రోగి ఆధార్, దానికి అనుసంధానమైన ఫోను.
- పాత చీటీలు, రిపోర్టులు, స్కానింగ్ ఫిల్ములు. ఒక్కటి కూడా పారేయకండి.
- ఒక చిన్న నోటు పుస్తకం. ఎవరు, ఎప్పుడు, ఏమన్నారో రాసుకోవడానికి.
- రోగి పక్కన ఒకరు కూర్చుంటే, కౌంటర్ల చుట్టూ తిరగడానికి ఇంకొకరు. ఒక్కరే రెండు పనులూ చేయలేరు.

1. జబ్బు రాకముందే కార్డులో పేర్లు చూసుకోండి

ఇంటిల్లిపాదీ ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేయాల్సిన పని ఇది. కొత్త కోడలి పేరు ఇంకా పుట్టింటి కార్డులోనే ఉంటుంది. పిల్లల పేర్లు ఎక్కి ఉండవు. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, రేషన్ కార్డులో మరోలా ఉంటుంది. అర్ధరాత్రి ఆసుపత్రిలో ఈ తేడా బయటపడితే మర్నాడు ఆఫీసులు తెరిచేవరకు ఏమీ చేయలేం. తెలంగాణలో మీ సేవలో, ఆంధ్రలో గ్రామ, వార్డు సచివాలయంలో ముందే సరిచేయించుకోండి.

సరిచూసుకునే పద్ధతి: రాష్ట్ర పథకం హెల్ప్‌లైన్ 104కు ఫోన్ చేసి కార్డు నంబరు చెప్పండి, కుటుంబంలో ఎవరెవరి పేర్లు కనిపిస్తున్నాయో చదివి వినిపించమనండి.

2. ఎక్కడికి వెళ్లాలో జబ్బును బట్టి తేల్చుకోండి

ప్రైవేటు అంటే మంచిది, సర్కారు అంటే గతిలేనివాళ్లది అనే ఆలోచన మనకు చాలా ఖరీదుగా తగులుతోంది. కొన్ని సందర్భాల్లో ప్రభుత్వ ఆసుపత్రే మొదట వెళ్లాల్సిన చోటు.

పాముకాటు, కుక్కకాటు: విషానికి విరుగుడు మందు, రేబిస్ టీకా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. పాము కరిస్తే 108కు ఫోన్ చేసి, మందు ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏదో అడుగుతూనే బయలుదేరండి. నాటు మందుకు, మంత్రానికి పోయే గంట ప్రాణాల మీదికి తెస్తుంది.

టీబీ: పరీక్ష, మందులు ఉచితం. చికిత్స జరిగినన్నాళ్లూ పోషకాహారానికి నెలకు 1,000 రూపాయలు ఖాతాలో పడతాయి. ప్రైవేటు డాక్టరు దగ్గర చూపించుకుంటున్నా పేరు ప్రభుత్వ జాబితాలో ఎక్కితే ఆ డబ్బు వస్తుంది.

గుండెపోటు: ఛాతీ నొప్పి మొదలైతే ఎంత దూరమైనా పెద్ద నగరానికే వెళ్లాలనుకోకండి. ఆంధ్రప్రదేశ్‌లో ఎంపిక చేసిన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గుండె రక్తనాళంలోని రక్తపు గడ్డను కరిగించే ఇంజక్షన్ ఉచితంగా ఇస్తున్నారు. బయట అది వేల రూపాయల ఖరీదు. దగ్గరలో ఈసీజీ తీయించి, ఇంజక్షన్ వేయించుకుని, తర్వాత పెద్దాసుపత్రికి వెళ్లడం దారిలో గంటలు పోగొట్టుకోవడం కంటే మేలు.

ప్రసవం: దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రైవేటు ఆసుపత్రుల ప్రసవాల్లో 81.5 శాతం సిజేరియన్లు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం. రెండూ ఎక్కువే. కానీ ఈ రెండు అంకెల మధ్య దూరం తల్లుల ఆరోగ్యం వల్ల మాత్రమే వచ్చిందని నేను నమ్మను. ప్రభుత్వ ఆసుపత్రిలో సాధారణ ప్రసవమైనా, సిజేరియనైనా, మందులు, పరీక్షలు, రక్తం, భోజనం, రాను పోను వాహనం అన్నీ ఉచితంగా ఇవ్వాలన్నది 2011 నుంచి ఉన్న నిబంధన. గర్భిణులకు 102 వాహనం ఉంది. ప్రైవేటులోనే చేరాలనుకుంటే ఏడో నెలలోనే డాక్టరును నేరుగా అడగండి: "మీ దగ్గర పదిమందిలో ఎంతమందికి సాధారణ ప్రసవం అవుతుంది?" జవాబు దాటవేస్తే రెండో డాక్టరును కలవండి.

గుండె ఆపరేషన్, క్యాన్సర్, మెదడు, కిడ్నీ, పెద్ద ప్రమాదాలు: వీటికి మీ జిల్లా బోధనాసుపత్రి, హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, నిమ్స్, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖలో కేజీహెచ్, వరంగల్‌లో ఎంజీఎం, తిరుపతిలో స్విమ్స్ వంటివి ఒక దారి. పథకం కింద ఉన్న ప్రైవేటు ఆసుపత్రి మరో దారి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కూడా ఈ పథకాలు నడుస్తాయి, కాబట్టి అక్కడికి వెళ్లినా కార్డు చూపించండి. మీ కేసు మీద ఆసుపత్రికి వచ్చే సొమ్ములో కొంత అక్కడి సౌకర్యాలకే ఖర్చవుతుంది.

3. బయలుదేరే ముందు 104కు ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి

- ఈ ఆసుపత్రి ఈ విభాగానికి నెట్‌వర్క్‌లో, అంటే పథకం కింద వైద్యం చేసే ఆసుపత్రుల జాబితాలో, ఉందా? గేటు మీద పథకం బోర్డు ఉన్నంత మాత్రాన సరిపోదు. గుండె జబ్బులకు నెట్‌వర్క్‌లో ఉన్న ఆసుపత్రి ఎముకలకు ఉండకపోవచ్చు. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే.
- నా జబ్బుకు చేయాల్సిన చికిత్స జాబితాలో ఉందా?
- ఆ చికిత్సను ప్రభుత్వ ఆసుపత్రులకే కేటాయించారా? కొన్నిటిని అలా కేటాయించారు. అవి ప్రైవేటులో చేయించుకుంటే కార్డు పని చేయదు.

ఇంకొకటి కూడా అడగండి: అక్కడ సేవలు ఇప్పుడు నడుస్తున్నాయా? బకాయిలు అందలేదంటూ నెట్‌వర్క్ ఆసుపత్రులు కొన్నాళ్లు సేవలు ఆపేసిన సందర్భాలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. అలాంటప్పుడు దగ్గరి బోధనాసుపత్రి వైపు తిరగడమే నయం.

ఫోన్ ఎత్తినవారి పేరు, సమయం రాసుకోండి.

4. బిల్లింగ్ కౌంటర్ కంటే ముందు మిత్ర దగ్గరికి

ప్రతి నెట్‌వర్క్ ఆసుపత్రిలో పథకం తరఫున ఒక సహాయ కేంద్రం ఉంటుంది. తెలంగాణలో అక్కడ కూర్చునేవారు ఆరోగ్యమిత్ర, ఆంధ్రలో వైద్యమిత్ర. లోపలికి వెళ్లగానే మొదట కలవాల్సింది వారినే. కార్డు చూపించి, ఈ మాటలే చెప్పండి: "మేము పథకం కింద చేరుతున్నాం. మా పేరు ఇప్పుడే నమోదు చేయండి."

"ముందు చేర్చండి, కార్డు సంగతి తర్వాత చూద్దాం" అని కౌంటర్‌లో అంటే ఒప్పుకోకండి. "కొంచెం అడ్వాన్స్ కట్టండి, అప్రూవల్ రాగానే తిరిగి ఇచ్చేస్తాం" అన్నా అంతే. ఆ డబ్బు వెనక్కి రాబట్టుకోవడానికి తిరిగే తిరుగుడు కట్టేటప్పటి ఇబ్బంది కంటే పెద్దది.

ప్రాణాపాయం అయితే: రోగిని నేరుగా క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. ఒకరు అక్కడే ఉండండి, ఇంకొకరు మిత్ర కోసం వెళ్లండి. అత్యవసర రోగికి ప్రాణం నిలిపే వైద్యం వెంటనే చేయాలని, అది ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా బాధ్యతేనని 1989లో సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బు కట్టలేదని, పోలీసులు రాలేదని ఆపకూడదు. ఇలాంటి కేసుల్లో పథకం వైద్యులు ఫోనులోనే తాత్కాలిక అనుమతి ఇచ్చే ఏర్పాటు ఉంది. "ఫోన్ అప్రూవల్ తీసుకోండి" అని మీరే అడగండి.

మిత్ర సీట్లో లేకపోతే: గోడ మీద వారి ఫోన్ నంబరు రాసి ఉండాలి. ఫోన్ చేయండి. ఎత్తకపోతే వెంటనే 104కు చెప్పండి.

5. అనుమతి వచ్చేవరకు ఓపిక, వచ్చిందని రుజువు

డాక్టరు చూశాక, పరీక్షలు చేశాక, ఆసుపత్రి ఆ వివరాలన్నీ పథకాన్ని నడిపే ట్రస్టుకు పంపి అనుమతి కోరుతుంది. ఆసుపత్రిలో దీన్ని ప్రీ ఆథ్ అంటారు. మామూలు కేసుల్లో ఒకటి రెండు రోజులు పట్టవచ్చు.

చికిత్స పథకంలోకి వస్తే, దాని కోసం చేసిన పరీక్షల ఖర్చు ప్యాకేజీలోనే కలిసి ఉంటుంది. ముందే పరీక్షలకు డబ్బు కట్టి ఉంటే రసీదులు దాచుకుని, తిరిగి ఇవ్వమని అడగండి. రసీదు లేకుండా ఎక్కడా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

సరిచూసుకునే పద్ధతి: కేసు నంబరు అడిగి రాసుకోండి. తర్వాత 104కు ఫోన్ చేసి, "నా కేసు ఏ చికిత్స కింద పంపారు, ఎంతకు అనుమతి వచ్చింది?" అని అడగండి. మీకు డాక్టరు చెప్పిన ఆపరేషన్, అక్కడ నమోదైన ఆపరేషన్ ఒకటే అయి ఉండాలి. తేడా ఉంటే ఆపరేషన్‌కు ముందే తేల్చుకోండి.

అనుమతి తిరస్కరిస్తే కంగారుపడి నగదు కట్టేయకండి. కారణం ఏమిటో అడగండి. చాలాసార్లు ఒక రిపోర్టు తక్కువైందనో, ఫొటో సరిగా లేదనో వెనక్కి పంపుతారు. అవి జతచేసి మళ్లీ పంపవచ్చు.

6. మధ్యలో డబ్బు అడిగితే ఏమనాలి

సూటిగా డబ్బు అడగడం తక్కువ. ఏదో ఒక పేరుతో అడుగుతారు.

"పథకంలో వేసేది మామూలు స్టెంటు, ఇంకాస్త కడితే మంచిది వేస్తాం." స్టెంట్ల గరిష్ఠ ధరను 2017 నుంచి కేంద్రం నియంత్రిస్తోంది. "పథకంలో ఉన్నదే వేయండి, దాని స్టిక్కర్ మా కేసు షీటులో అంటించండి" అనండి. గుండె జబ్బు పేరుతో భయపెట్టి అమ్మడం నాకు అన్నిటికంటే కోపం తెప్పించే పని. ఎందుకంటే ఆ క్షణంలో కాదనగలిగే ధైర్యం ఎవరికీ ఉండదు. అందుకే ఈ జవాబు ముందే అనుకుని వెళ్లండి.

"రక్తానికి డబ్బు కట్టాలి." దాతను తెమ్మనడం వేరు, డబ్బు అడగడం వేరు. దాతను తీసుకురావడానికి ప్రయత్నించండి. డబ్బు అడిగితే మిత్రకు చెప్పండి.

"ఈ మందు మా దగ్గర లేదు, బయట తెచ్చుకోండి." ఆ మందు చికిత్సలో భాగమైతే ఆసుపత్రే తేవాలి. మరీ అత్యవసరమై బయట కొంటే, చీటీ, బిల్లు రెండూ దాచండి.

"ప్రత్యేక గది కావాలా?" పథకంలో ఉండేది సాధారణ వార్డు. గది తీసుకుంటే ఆ వంకతో మొత్తం కేసే నగదు కేసుగా మారిపోవచ్చు. వద్దనండి.

గొడవ పడకండి, గొంతు పెంచకండి. "ఎంత కట్టాలో, ఎందుకో కాగితం మీద రాసి, సంతకం చేసి ఇవ్వండి" అని మాత్రం అడగండి. న్యాయమైన మొత్తమైతే రాసిస్తారు. కానిది అడిగితే సాధారణంగా రాయరు.

7. ఫిర్యాదు చేయాల్సి వస్తే

మొదట మిత్ర, తర్వాత 104, ఆ తర్వాత పథకం జిల్లా సమన్వయకర్త. అక్కడా తేలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వండి. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. అర్జీ ఒక పేజీ దాటనివ్వకండి. రోగి పేరు, కార్డు నంబరు, కేసు నంబరు, ఏ తేదీన ఎవరు ఎంత తీసుకున్నారు, మీరు కోరేది ఏమిటి, ఇంతే. బిల్లుల నకళ్లు జతచేయండి, అసలువి మీ దగ్గరే ఉంచుకోండి. అర్జీ అందినట్టు రసీదు తీసుకోండి. అక్రమంగా వసూలు చేసిన డబ్బు తిరిగి ఇప్పించి, ఆసుపత్రికి జరిమానా వేసిన సందర్భాలు, నెట్‌వర్క్ నుంచి తప్పించిన సందర్భాలు ఉన్నాయి.

రోగి ఇంకా మంచం మీద ఉండగా ఫిర్యాదు చేస్తే వైద్యంలో తేడా చేస్తారేమో అనే భయం చాలామందిని ఆపుతుంది. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. అలాంటప్పుడు రసీదులన్నీ పోగు చేసుకుని, డిశ్చార్జి అయ్యాక చేయండి. ఆలస్యంగానైనా చేయండి.

8. ఇంటికి వెళ్లే రోజు

ఆ రోజు చాలా కాగితాల మీద సంతకాలు అడుగుతారు. ఇంటికి వెళ్లే తొందరలో అన్నిటిమీదా పెట్టేస్తారు. వాటిలో "మా దగ్గర డబ్బు తీసుకోలేదు, సేవలు తృప్తిగా ఉన్నాయి, దారి ఖర్చు అందింది" అనే కాగితం ఉంటుంది. చదివించుకుని, అది నిజమైతేనే సంతకం చేయండి. ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేయకండి.

తీసుకోవాల్సినవి:

- డిశ్చార్జి సమరీ, రిపోర్టులు, ఫిల్ములు.
- పది రోజులకు సరిపడా మందులు.
- ఊరికి వెళ్లే బస్సు చార్జీ.
- మళ్లీ ఎప్పుడు రావాలో తేదీ. కొన్ని జబ్బులకు ఏడాది పాటు ఉచిత తదుపరి వైద్యం ఉంటుంది, మీది ఆ జాబితాలో ఉందో లేదో మిత్రనే అడగండి.

మీ వైద్య పత్రాల నకళ్లు అడిగే హక్కు మీకు ఉంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రం ప్రకారం ఆసుపత్రిలో ఉండగా అయితే వీలైనంతవరకు 24 గంటల్లో, డిశ్చార్జి అయ్యాక అయితే 72 గంటల్లో ఇవ్వాలి.

పథకంలో లేని జబ్బయితే

ఖర్చు ఎంతవుతుందో రాతపూర్వకంగా తీసుకోండి. అదే చికిత్సకు ప్రభుత్వ బోధనాసుపత్రిలో రెండో అభిప్రాయం తీసుకోండి. తెలంగాణలో నిమ్స్ వంటి ఆసుపత్రిలో పెద్ద చికిత్స అవసరమైతే, ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి ముందుగానే ఎల్‌ఓసీ (ఖర్చు ఆసుపత్రికి చెల్లిస్తామనే హామీ పత్రం) తెచ్చుకోవచ్చు. ఆసుపత్రి ఇచ్చిన ఖర్చు అంచనాతో మీ శాసనసభ్యుడి కార్యాలయానికి వెళ్లండి. ప్రైవేటులో ఇప్పటికే డబ్బు కట్టేసినవారు కూడా, రెండు రాష్ట్రాల్లోనూ, అసలు బిల్లులతో సహాయ నిధికి దరఖాస్తు చేయవచ్చు. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు, అసలు బిల్లులు ఒకే సెట్టు ఉంటే నకళ్లు తీసుకోకుండా ఇచ్చేయడం. కట్టినంతా తిరిగి వస్తుందని లెక్కవేసుకుని అప్పు చేయకండి, వచ్చేది తరచూ అందులో కొంత భాగమే.

రోజూ వాడే బీపీ, షుగర్ మందులకు దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, హైదరాబాద్‌లో బస్తీ దవాఖానా, అక్కడ దొరకకపోతే జన ఔషధి దుకాణం. డాక్టరును కంపెనీ పెట్టిన పేరు కాకుండా మందు అసలు పేరు రాయమని అడగండి.

ఊరికి దూరంగా ఉన్నవారు

బెంగళూరు, చెన్నైలో పనికి వెళ్లిన ఆంధ్ర కుటుంబాలకు అక్కడి కొన్ని ఆసుపత్రుల్లో ఎంపిక చేసిన చికిత్సలకు రాష్ట్ర పథకం పని చేస్తుంది. హైదరాబాద్‌లో ఉన్న ఆంధ్ర కుటుంబాలకూ అంతే. ముంబయి, సూరత్, భివండీల్లో ఉన్న తెలుగువారు ఆయుష్మాన్ జాబితాలో తమ పేరు ఉందో లేదో 14555లో కనుక్కోండి. ఉంటే దేశంలో ఏ నెట్‌వర్క్ ఆసుపత్రిలోనైనా ఆ కార్డు చెల్లుతుంది. లేకపోతే, ప్రాణాపాయం లేని ఆపరేషన్లను సొంత రాష్ట్రానికి వచ్చి చేయించుకోవడం చవక. బయలుదేరే ముందు 3వ అంచెలోని ప్రశ్నలు అక్కడి నుంచే అడిగి, ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో తెలుసుకుని టికెట్ తీసుకోండి.